జోడు అంకె

మూడో గుడ్డ తీసింది అత్త. మొదటి గుడ్డ మెషిను మీది నూనెకి, రెండోది ఇనప రజనుకి, మూడోది చిల్లుల ఇత్తడి బిళ్ళకి మాత్రమే. అది పాత దుప్పటి ముక్క. ఉతికి ఉతికి చంటిపిల్ల చెంపలా మెత్తబడింది. దాన్ని చూపుడువేలికి చుట్టుకుని, బిళ్ళ అంచున గుండ్రంగా ఉన్న చిల్లుల్ని ఒక్కొక్కటే తుడుచుకుంటూ వచ్చింది. ఎర్ర రంగు చుక్క పెట్టిన చిల్లు దగ్గర మొదలుపెట్టి మళ్ళీ ఎర్ర చుక్క దగ్గరే ఆగింది. నూట ఇరవై ఏడు. లెక్కపెట్టనక్కర్లేదు, వేలికి తెలుసు. అయినా పెదవులు కదులుతూనే ఉంటాయి.

ఈ రోజు వేలికి తెలియలేదు. నలభై నాలుగో చిల్లు దగ్గర రోజూ తగిలే చిన్న వంకర తగల్లేదు. గుడ్డ విప్పి వట్టి వేలితో తడిమింది. వేలి కొస ఎవరిదో అయినట్టు మొద్దుగా ఉంది. కొన్నాళ్ళుగా అంతే. ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఎవరికీ చెప్పలేదు. చెబితే కోడలు తనకున్న దిగుళ్ళకి ఇంకొకటి జత చేసుకుంటుంది. ఆ పిల్లకి దిగుళ్ళకేం కొదవ లేదు.

షెడ్డు పెద్దదేం కాదు. రేకుల కప్పు, వీధి వైపు రెండు కిటికీలు, మూల చిన్న లేతు, కిటికీ వెలుగు పడేచోట ఈ మిల్లింగ్ మెషిను. మెషిన్లలో పళ్ళు విరిగిన గేర్లకి ఇక్కడ కొత్తవి కోసి ఇస్తారు. కోసేది అత్త. అందుకే ఆమెకి పళ్ళత్త అని పేరు. కొత్తగా వీధిలోకి కాపురం వచ్చిన ఒకావిడ ఆ పేరు విని, సంచీ పట్టుకొచ్చి, "డజను ఎంతకిస్తావు?" అని అడిగింది. అత్త నోరు తెరిచి చూపించింది. అందులో మిగిలినవి ఐదో ఆరో. "నా దగ్గరున్నవి ఇవే తల్లీ, డజనుకి రావు" అంది. ఆ మాట ఇప్పటికీ షెడ్డులో తిరుగుతూనే ఉంది.

అత్త చదువు రెండో ఎక్కంతో మొదలై పదహారో ఎక్కంతో ఆగిపోయింది. మిగతాదంతా ఈ మెషిను హ్యాండిలే నేర్పింది. హ్యాండిల్ నలభై చుట్లు తిప్పితే అవతల చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇరవై పళ్ళు కావాలంటే పన్నుకి రెండు చుట్లు. చుట్టులో ముక్కే తిప్పాలంటే, హ్యాండిల్ వెనకున్న బిళ్ళ చిల్లులు లెక్కపెట్టి, హ్యాండిల్ కొసనున్న పిన్నుని సరైన చిల్లులో దించాలి. అరవై నాలుగు కావాలన్నా పరవాలేదు, సగంలో సగం చేసుకుంటూ పోతే ఎక్కడో అక్కడ దారికొస్తుంది. అలాంటివాటిని అత్త కలుపుగోలు అంకెలంటుంది. ఎవరొచ్చినా పంచుకుంటాయి. ఇంకొన్ని ఉంటాయి. పదిహేడు, ముప్పై ఒకటి, నూట ఇరవై ఏడు. ఒకటితోనూ తమతోనూ తప్ప ఎవరితోనూ భాగానికి రావు. అవి మొండి అంకెలు. మొండి అంకెకి దాని చిల్లుల బిళ్ళ దానికుండాలి, అరువు బిళ్ళ పనికిరాదు.

మెషినుతో పాటు వచ్చిన బిళ్ళల్లో నూట ఇరవై ఏడు లేదు. ఈ బిళ్ళ అత్తా, అత్త మొగుడూ కలిసి చేసింది. ఆయన ఈ షెడ్డులోనే పని చేసేవాడు. గుండ్రంగా ఉన్నదాన్ని నూట ఇరవై ఏడు సమభాగాలు చెయ్యడం దేవుడి తరం కూడా కాదన్నారు అందరూ. గుండ్రం మీద కష్టం గానీ, తిన్నగా ఉన్నదాని మీద ఏం కష్టమంది అత్త. పెట్టెలకి కట్టే ఇనప పట్టీ ఒకటి తెచ్చి, దాని మీద సమంగా నూట ఇరవై ఏడు గళ్ళు కొలిచి గీసింది. కొయ్య చక్రం ఒకటి చెక్కి, పట్టీ రెండు కొసలూ గీతకి గీత కలిసేదాకా దాన్ని కొంచెం కొంచెంగా అరగదీసింది. ఆ గళ్ళ ప్రకారం ఇత్తడి బిళ్ళకి ఆయన చిల్లులు వేశాడు. నలభై నాలుగో చిల్లు వేస్తుంటే పక్కన పడుకోబెట్టిన కొడుకు గుక్కపట్టి ఏడ్చాడు, ఆయన చెయ్యి అదిరింది. అదే ఆ వంకర. అత్త దానికెప్పుడూ సిగ్గుపడలేదు. బిళ్ళ మీద గోరంత తప్పు చక్రం మీదికి వెళ్ళేసరికి నలభయ్యో వంతు అవుతుంది, వెంట్రుకంత కూడా ఉండదు. "మనుషులకి కూడా మధ్యలో ఇలాంటి మర ఒకటుంటే బాగుండు" అనేవాడు ఆయన. ఆయన పోయాక ఆ హ్యాండిల్ పట్టుకున్న అత్త మళ్ళీ వదల్లేదు. కొడుకు లారీ మీద పోతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. కోడలు వచ్చాక ఇల్లూ షెడ్డూ ఇద్దరాడవాళ్ళవీ అయ్యాయి.

కోడలు లోపలికొచ్చింది, భుజం మీద చంటిది. ఖాళీ చెక్కపెట్టెలో గుడ్డలు పరిచి పడుకోబెట్టింది. పాపకి ఏడాది నిండలేదు. పొద్దున ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. చేతులకి అప్పుడే నూనె అంటింది కాబట్టి మోచెయ్యి వంచి, మోచేత్తో పాప నుదురు తాకి చూసింది.

"ఎన్నిసార్లు చూస్తావే? నీకు భయపడి ఆ జ్వరమే పారిపోతుంది" అంది అత్త.

"పెరిగిందేమోనని అత్తయ్యా."

"పెరిగితే అదే అరుస్తుంది. నీ పోలికేగా, ఊరుకుంటుందా."

షెడ్డు ఓనరు టీ గ్లాసుతో వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. అతని తండ్రి హయాం నుంచీ అత్త ఇక్కడే ఉంది. అతను నిక్కరు వేసుకునే రోజుల్లో ఈ రజనులో ఆడుకుంటుంటే చెవి మెలిపెట్టి బయటికి పంపేది. అందుకే అత్తతో గట్టిగా మాట్లాడాల్సి వస్తే గ్లాసులోకి చూస్తూ మాట్లాడతాడు.

"పళ్ళత్తా, నిన్న అన్నమాటే. నీ తర్వాత మెషిను నీ కోడలికివ్వాలంటే ఈ చక్రం ఆమె ఒక్కతే కోయాలి. నువ్వు చెయ్యి పెట్టకూడదు, నోరు పెట్టకూడదు. ఆఖరి పన్ను మొదటిదాన్ని కలిసి చక్రం సరిగ్గా మూసుకుందా, మెషిను ఆమెది. లేదంటే బయటి మనిషిని పెట్టుకుంటా. చక్రం పోత మాత్రం నా దగ్గర ఒక్కటే ఉంది. మళ్ళీ పోయించడానికి ఆ మూసవాడు దొరకడు."

"చెయ్యి పెట్టనులే బాబూ."

"నోరు?"

"అదే కొంచెం కష్టం" అంది అత్త. కూర్చునే స్టూలు మెషిను నుంచి నాలుగడుగులు వెనక్కి జరుపుకుంది.

ఆ చక్రం పక్క వీధి లేతు మేస్త్రి కోసం. అతని లేతు అంగుళాల లెక్కన చేసింది. వచ్చే పనులన్నీ మిల్లీమీటర్లవి. ఐదు అంగుళాలు సరిగ్గా నూట ఇరవై ఏడు మిల్లీమీటర్లు కాబట్టి ఆ రెంటికీ సంధి కుదిర్చేది నూట ఇరవై ఏడు పళ్ళ చక్రం ఒక్కటే. దాని బదులు దగ్గర్లో ఇంకే అంకె పెట్టినా, లేతు మీద కోసిన మరకి నట్టు నాలుగు చుట్లు ఎక్కి బిగుసుకుపోతుంది. దీనికి జోడు అరవై నాలుగు పళ్ళ చిన్నచక్రం. దాన్ని అత్త మొన్నే కోసి పెట్టింది. ఆమె చేతిలో చివరి చక్రం అదేనని ఆమెకొక్కదానికే తెలుసు.

కోడలు పోత ఇనప చక్రాన్ని ఇరుసుకి బిగించింది. బిళ్ళ మీద రెండు చేతుల కత్తెరలాంటిది ఒకటుంటుంది. పన్నుకి ఎన్ని చిల్లులు దాటాలో ఆ రెండు చేతుల మధ్య ఎడం చెబుతుంది. దాన్ని నలభై చిల్లులకి పెట్టాలి. కొత్తవాళ్ళందరూ చేసే తప్పు ఇక్కడే: పిన్ను ఇప్పుడున్న చిల్లుని కూడా ఒకటి అని లెక్కపెడతారు. అప్పుడు దాటేది ముప్పై తొమ్మిదే. కోడలు కూడా మొదట్లో ఒకసారి అలాగే పెట్టింది. చక్రం చివర మూడు పళ్ళ జాగా మిగిలిపోయింది. గాలికి తలుపు పడిపోకుండా షెడ్డు గుమ్మానికి అడ్డం పెట్టే చక్రం అదే. లోపలికొచ్చినప్పుడల్లా కోడలు దాన్ని కాలితో తగలకుండా దాటుతుంది.

"సున్నా" అంది కోడలు, పిన్ను ఉన్న చిల్లు మీద వేలు పెట్టి. తర్వాత ఒకటి నుంచి మొదలుపెట్టింది.

అత్త బిగపట్టిన ఊపిరి వదిలింది.

లోతుగా కోసేముందు ఒక చుట్టంతా గీత పెట్టడం ఈ షెడ్డు పద్ధతి. కట్టర్ పోతని గోకీ గోకనట్టు తగిలి సన్నటి గీత వదులుతుంది. అంతా తిరిగొచ్చాక ఆఖరి గీత మొదటి గీత మీదే పడాలి. పడింది. ఓనరు లేచి వచ్చి భూతద్దం పెట్టి చూసి, వెళ్ళి కూర్చున్నాడు. కోడలు కట్టర్ దించింది. మొదటి పన్ను. పోత ఇనుము నల్లటి పొడిగా రాలింది. పిన్ను లాగడం, హ్యాండిల్ తిప్పడం, నలభయ్యో చిల్లులో పిన్ను వదలడం, కత్తెర జరపడం, కట్టర్ నడపడం. పది పళ్ళకొకసారి సుద్దముక్కతో చక్రం పక్కన చిన్న గీత. చూస్తున్న అత్త భుజం కూడా హ్యాండిల్‌తో పాటే కదులుతోంది.

మధ్యాహ్నం మెషిను ఆపి డబ్బాలు విప్పారు. పాప పాలు తాగి మళ్ళీ నిద్రపోయింది. లేతు మేస్త్రి చక్రం ఎంతదాకా వచ్చిందో చూసుకుందామని వచ్చి, అత్త స్టూలు పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"ఏంటక్కా, సింహం బోను బయట కూర్చుంది? కోడలికి పళ్ళిచ్చేసి నువ్వు బోసినోరు వేసుకున్నావా?"

"నీకేం తెలుసురా. అత్త నోరు మూసుకుని కూర్చున్న ఇల్లు ఈ వీధిలో ఇదొక్కటే. చూసిపో."

మేస్త్రి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. కోడలు మాత్రం నవ్వలేదు. ముద్ద చేతిలోనే ఉంది.

"లోటు అంకె చెప్పు" అంది అత్త. కోడలి మనసు దారి తప్పిందంటే దాన్ని వెనక్కి తేవడానికి ఆమెకి తెలిసిన ఉపాయం అదొక్కటే.

ఇది వాళ్ళిద్దరి ఆట. కోడలు పదో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే, చిన్నవాళ్ళని చూసుకోవడానికి బడి మానేసింది. అక్కడి నుంచి ఈ ఇంటికి తెచ్చుకున్న సొత్తు కొన్ని మాటలు. మొండి అంకెని బళ్ళో ప్రధాన సంఖ్య అంటారని చెబితే, "పేరు పెద్దదే పెట్టారు, బుద్ధి మాత్రం మొండిదే" అంది అత్త. ఒక అంకెని భాగించేవాటన్నిటినీ, దాన్ని వదిలేసి, కలపాలి. పదికి ఒకటి, రెండు, ఐదు; కలిపితే ఎనిమిది. పదికి రెండు తక్కువ, కాబట్టి లోటు అంకె. పన్నెండుకి పదహారొస్తుంది, అది మిగులు అంకె. బస్సుల మీదా, ఇళ్ళ గుమ్మాల మీదా కనబడిన ప్రతి అంకెనీ ఇద్దరూ ఇలా విప్పుకుంటూ నడుస్తారు.

"ఇరవై రెండు" అంది కోడలు. "ఒకటి, రెండు, పదకొండు. పద్నాలుగే. నాలాగే లోటు."

"నీలాగేంటే?"

"ఏదైనా సగమే కదత్తయ్యా నాకు. చదువు సగం, పని సగం. పాపని కూడా సరిగ్గా చూసుకుంటున్నానో లేదో..."

"లోటంటే తక్కువని ఎవరన్నారు? ముక్కలన్నీ కూడబలుక్కుని వచ్చినా ఇరవై రెండు ఎత్తుకి రాలేకపోయాయి. అంత మనిషది. తిను."

కోడలు ముద్ద నోట్లో పెట్టుకుంది. "సరిగ్గా సరిపోయేవి చాలా తక్కువత్తయ్యా. పరిపూర్ణ సంఖ్యలంటారు. ఆరు. తర్వాత ఇరవై ఎనిమిది. తర్వాత నాలుగు వందల తొంభై ఆరు. లెక్కల మాస్టారు ఈ మూడూ రాసి, నాలుగోది చాలా దూరంలో ఉంది, రేపు చెప్తానన్నారు. మర్నాడు నేను వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు."

ఈ సంగతి అత్త ఇంతకుముందు వినలేదు. తన డబ్బాలోది సగం తీసి కోడలి డబ్బాలో వేసింది.

ఎండ రెండో కిటికీలోకి వచ్చేసరికి ఎనిమిదో సుద్దగీత పడింది. కోడలి భుజాలు దిగాయి. చేతులు వేగం పట్టుకున్నాయి. ఎనభై ఒకటి, రెండు. అత్తకి కునుకు పడుతోంది. ఎనభై తొమ్మిదో పన్ను కోసి, కత్తెర జరిపి, పిన్ను లాగి హ్యాండిల్ తిప్పడం మొదలుపెట్టింది కోడలు.

అప్పుడే పెట్టెలో పాప దగ్గింది. దగ్గు దగ్గుగా ఆగలేదు. గొంతులో పాలు అడ్డం పడ్డ చప్పుడు, తర్వాత ఏ చప్పుడూ లేదు.

కోడలు హ్యాండిల్ వదిలేసింది. తిరిగిన ఊపులో మోచెయ్యి కత్తెరకి తగిలింది, కత్తెర చేతులు రెండూ జారి కిందికి వేలాడాయి. అది అత్త చూసింది. ఒక్క అంగలో పెట్టె దగ్గరికి వెళ్ళి, పాపని బోర్లా తిప్పి వీపు మీద తట్టింది కోడలు. పాలు కక్కి, పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే షెడ్డులో అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఓనరు గ్లాసు బల్ల మీద పెట్టి నిలబడ్డాడు.

అత్త వచ్చి పాపని అందుకుంది. పాపని ఎత్తుకోవద్దని ఓనరు చెప్పలేదు కదా.

కోడలు చేతులు తుడుచుకుని మెషిను ముందుకొచ్చింది. అప్పుడు తెలిసింది ఆమెకి. పిన్ను ఏ చిల్లులోనూ లేదు. కత్తెర జారిపోయింది. బయల్దేరిన చిల్లు ఏదో తెలియదు, చేరాల్సిన చిల్లు ఏదో తెలియదు. ముందు పెట్టిన గీత కనబడుతూనే ఉంది. దాన్ని చూసి కట్టర్ని సుమారుగా నిలబెట్టొచ్చు. కానీ ఒక చిల్లు ఇటో అటో అయితే ఆ గీత పట్టివ్వదు. ఈ పన్నూ, దీని తర్వాతవన్నీ ఆ కాస్త పక్కకి జరుగుతాయి. చివరికొచ్చేసరికి ఒక పన్ను పలచనవుతుంది, లేతు చుట్టుకొకసారి జీవితాంతం టక్కుమంటుంది.

"అత్తయ్యా..." అని సగంలో ఆగిపోయింది కోడలు.

అత్త పాప వీపు నిమురుతోంది. ఇలాంటప్పుడు తనేం చేసేదో ఆమెకి తెలుసు. చక్రాన్ని మళ్ళీ ఎర్ర చుక్క దగ్గరికి తెచ్చుకుని, మొదటి పన్ను నుంచి నలభై చొప్పున లెక్కపెట్టుకుంటూ ఇక్కడిదాకా నడిచొచ్చేది. ఒక పూట పోయేది, పోతే పోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఉన్న ఆ ఐదారు పళ్ళతోనే నాలిక కొరుక్కుంది.

కోడలు అత్త వైపు చూడలేదు. వంగి సుద్దగీతలు లెక్కపెట్టింది. ఎనిమిది. వాటి తర్వాత పళ్ళు తొమ్మిది. మోకాళ్ళ మీద కూర్చుని నేల మీది రజను అరచేత్తో పక్కకి తోసి, సుద్దముక్కతో రాసింది. ఎనభై తొమ్మిది నలభైలు మూడు వేల ఐదు వందల అరవై. దాన్ని నూట ఇరవై ఏడుతో భాగించింది. ఒకసారి తప్పు వచ్చింది, చెరిపేసింది. మళ్ళీ చేసింది. ఇరవై ఎనిమిది సార్లు పోయింది. మిగిలింది నాలుగు.

నాలుగు. ఆ అంకె చుట్టూ సుద్దతో గుండ్రం గీసింది.

ఆమె ఏం చేస్తోందో అత్తకి అప్పుడు వెలిగింది. మొండి అంకె అది. నలభై నలభై చొప్పున బిళ్ళ చుట్టూ ఎంత తిరిగినా, ఆఖరి పన్ను దాకా ఏ చిల్లూ రెండోసారి రాదు. ఒక్కో చిల్లు ఒక్కో పన్నుకే రాసిపెట్టి ఉంది. ఇన్నేళ్ళు ఆ బిళ్ళని ఒళ్ళో బిడ్డలా తుడిచింది గానీ, అడిగితే అది జవాబు చెబుతుందని ఆమెకి తోచనేలేదు. నూట ఇరవై ఏడు ఇరవై ఎనిమిదులెంతో తనూ మనసులో కట్టుకుంది. ఇరవై ఎనిమిది వందలు, పైన ఇరవై ఏడు ఇరవై ఎనిమిదులు. మూడు వేల ఐదు వందల యాభై ఆరు. అరవైకి నాలుగు తక్కువ. నాలుగే.

అత్త పాపని ఇంకా దగ్గరికి అదుముకుంది.

కోడలు లేచి ఎర్ర చుక్క మీద వేలు పెట్టింది. "సున్నా" అంది గట్టిగా. ఒకటి, రెండు, మూడు, నాలుగు. హ్యాండిల్‌ని చాలా దూరం వెనక్కి తీసుకెళ్ళి, పళ్ళ మధ్య వదులు పోయేలా ముందుకి తెచ్చి, నాలుగో చిల్లు మీద పిన్ను వదిలింది. టక్కుమని దిగింది. కట్టర్ కింద ముందటి గీత సరిగ్గా మధ్యలో నిలబడింది.

"తొంభై" అంది కోడలు, ఎవరూ అడగకుండానే.

మిగతావి కోస్తుండగా లేతు మేస్త్రి మళ్ళీ వచ్చి, గుమ్మానికి అడ్డం పెట్టిన చక్రం పక్కన నిలబడ్డాడు. నూట ఇరవై ఏడో పన్ను కోసేశాక కోడలు ఇంకొక్కసారి పిన్ను లాగి నలభై చిల్లులు దాటించింది. పిన్ను ఎర్ర చుక్కలో దిగింది. కట్టర్ని మళ్ళీ నడిపింది. అది మొదటి పల్లంలోంచి వెళ్ళింది. రజను రాలలేదు, గీరిన చప్పుడు లేదు. ఇనుము ఇనుముని తాకకుండా దాటిపోయింది.

చక్రం మూసుకుంది.

"ఇంక నోరు తెరవొచ్చు పళ్ళత్తా" అన్నాడు ఓనరు.

అత్త తెరిచింది. మాట రాలేదు.

"పోనీలే, అలవాటు తప్పింది" అన్నాడు లేతు మేస్త్రి. ఓనరు పకపకా నవ్వి, షెడ్డు తాళంచెవి తెచ్చి కోడలి ముందు పెట్టాడు. "రేపట్నుంచి నువ్వే తెరువమ్మా."

జోడు అంకె కొట్టడం మిగిలింది. రెండు చక్రాలు జత కట్టాక, ఒకసారి కలిసిన రెండు పళ్ళు మళ్ళీ ఎన్ని తగులుళ్ళ తర్వాత కలుస్తాయో అదే జోడు అంకె. ఈ షెడ్డులో కోసిన ప్రతి పెద్దచక్రం చెంప మీదా అది కొట్టి ఉంటుంది. ఇరవై నాలుగుకీ ముప్పై ఆరుకీ జత కడితే డెబ్బై రెండుకే అవే పళ్ళు మళ్ళీ ఎదురుపడతాయి. అదే ఇరవై ఐదు చేస్తే తొమ్మిది వందల దాకా పడవు. "రోజూ ఒకే మనిషితో గొడవైతే గుంట పడుతుంది. అందరితో సమంగా పడితే నునుపు తేలుతుంది" అనేది అత్త. కలుపుగోలు అరవై నాలుగుకీ, మొండి నూట ఇరవై ఏడుకీ ఉమ్మడి ఏమీ లేదు. అందుకే పూర్తిగా హెచ్చవేయాలి.

కోడలు నేల మీద హెచ్చవేసింది. 8128. ఇనుము మీద అంకెలు అచ్చొత్తే పోగర్లు మూడు తీసి వరసగా పెట్టుకుని, సుత్తి ఎత్తి, ఆగిపోయింది.

"ఏమైందే?"

"విప్పి చూద్దామా అత్తయ్యా, ఇది లోటో మిగులో?"

సుత్తి పక్కన పెట్టి కూర్చుంది. సగం చేసింది. నాలుగు వేల అరవై నాలుగు. దాని సగం రెండు వేల ముప్పై రెండు. వెయ్యిన్నీ పదహారు. ఐదు వందల ఎనిమిది. రెండు వందల యాభై నాలుగు. నూట ఇరవై ఏడు. అక్కడ మొండిది అడ్డం నిలబడింది, ఇంక సగం కాలేదు. ఆ ఆరింటినీ కలిపింది. ఎనిమిది వేల ఒకటి.

"లోటే" అంది. గొంతు కొంచెం దిగింది.

"ఎంత తక్కువ?"

"నూట ఇరవై ఏడు."

"చిన్నవాళ్ళని వదిలేశావు. అరవై నాలుగూ, దాని పిల్లలూ ఉన్నారుగా."

కోడలు సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ఆగింది. అరవై నాలుగూ ముప్పై రెండూ తొంభై ఆరు. పదహారు కలిపితే నూట పన్నెండు. ఎనిమిదితో నూట ఇరవై. నాలుగు. రెండు. ఒకటి.

నూట ఇరవై ఏడు.

కోడలు మొత్తం మళ్ళీ మొదటి నుంచి కూడింది. ఎక్కడా ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

"మీ మాస్టారు మర్నాడు చెప్తానన్నది ఇదేనా?" అంది అత్త.

"ఇదే అయ్యుంటుంది. మధ్యలో ఇంకోటి ఉందేమో తెలీదత్తయ్యా."

"ఉంటే ఉండనీ. ఇది మనది. కొట్టు."

ఎనిమిది. ఒకటి. రెండు. ఎనిమిది. నాలుగు దెబ్బలు. నాలుగో దెబ్బకి పాప నిద్రలోనే నవ్వింది. కోడలు మోచేత్తో నుదురు తాకి చూసింది. చల్లగా ఉంది.

ఇంటికి పాపని అత్తే ఎత్తుకుని నడిచింది. దారిలో రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా ఎవరో ఒకరిని పిలిచి, "మా కోడలు చక్రం మూసింది" అని చెప్పింది. వినేవాళ్ళకి అదేమిటో తెలియలేదు. ఆమె ముఖం చూసి మంచి సంగతే అనుకుని తలూపారు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంది. గోళ్ళ సందుల్లోని నలుపు ఎప్పట్లాగే పోలేదు. పాప పక్కన నడుం వాలుస్తూ, "టీ పెట్టాక లేపు" అంది.

కోడలు టీ పెట్టి, రెండు గ్లాసుల్లో పోసి, లేపడానికి వెళ్ళింది. పాప అత్త వేలు పట్టుకుని ఆడుకుంటోంది. ఆ వేలు వెనక్కి లాక్కోలేదు.

అత్త పెద్దకర్మ అయ్యాక షెడ్డు మళ్ళీ తెరిచిన రోజు కోడలు తాళం తీసింది. గుమ్మం దగ్గరి చక్రాన్ని కాలితోనే అడ్డం పెట్టింది. పాపని పెట్టెలో పడుకోబెట్టి, మూడో గుడ్డ తీసి వేలికి చుట్టుకుంది. సున్నా దగ్గర మొదలుపెట్టింది. నలభై నాలుగో చిల్లు దగ్గర చిన్న వంకర వేలికి తగిలింది. అక్కడ కాసేపు ఆగింది. కిటికీలోంచి వెలుగు వచ్చి బిళ్ళ మీద పడింది. ఇత్తడంతా నల్లబడింది గానీ, ఎర్ర చుక్క పక్కన, ఇన్నేళ్ళూ అత్త బొటనవేలు ఆనించిన చోట మాత్రం, గింజంత మేర బంగారంలా మెరుస్తోంది.